అబ్బాయి మేనమామకు స్కిజోఫ్రీనియా అని సంబంధం వద్దంటున్నారు. ప్రవర్తన అంతా రక్తంలోనే ఉంటుందా?

పుత్తూరు డీఎస్సీ

అందరికీ నమస్కారం. తిరుపతిలో రూము తీసుకుని డీఎస్సీకి చదువుతున్నా. సైకాలజీలో ఇప్పుడు అనువంశికత, మెదడు, నాడీ రసాయనాలు, హార్మోన్లు, అంటే జీవశాస్త్ర దృక్పథం మొత్తం నడుస్తోంది. అయితే నేను అడగబోయేది పరీక్ష ప్రశ్న కాదు, ఇంట్లో గొడవ.

మా అక్కకు చిత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి 29, బెంగుళూరులో ఉద్యోగం. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. ఇక తాంబూలాలే అనుకుంటుండగా ఎవరో మా నాన్న చెవిలో వేశారు, అబ్బాయి మేనమామకు స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడడం లాంటివి ఉండే మానసిక జబ్బు) అని, ఏళ్ల తరబడి వేలూరులో చూపిస్తున్నారని. అడిగితే వాళ్లు దాచలేదు, అవునన్నారు. అంతే, ‘ఆ రక్తం మనకొద్దు’ అనేశాడు నాన్న.

పుస్తకం తీసి చూస్తే అదీ నాన్న పక్షమే ఉన్నట్టుంది. గొడ్డార్డ్ కల్లికాక్ కుటుంబం, డగ్‌డేల్ జ్యూక్ కుటుంబం (ఒక్కో కుటుంబాన్ని తరతరాలుగా చూసి రాసినవి), కవలల అధ్యయనాలు, అన్నీ రక్తం వైపే. అక్కేమో ‘నువ్వు సైకాలజీ చదువుతున్నావు కదా, నాన్నకు చెప్పు’ అంటోంది. నాకే అర్థం కాలేదు, ఆయనకేం చెప్పను? మనిషి ప్రవర్తన నిజంగా ఎంతవరకు పుట్టుకతో వస్తుంది?

పీలేరు మామిడితోట

మీ నాయన అన్నదాంట్లో తప్పేముంది తమ్ముడూ. విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా? పెద్దోళ్లు ఏడు తరాలు చూసి పిల్లనిచ్చేది ఊరికే కాదు. రేపు పిల్లోళ్లకు వస్తే మీరు పడతారా, ఈడ సలహాలిచ్చేవాళ్లు పడతారా?

అలిపిరి మెట్లు

ఏడు తరాలు చూస్తే ప్రతి ఇంట్లోనూ ఒక పిచ్చోడు, ఒక తాగుబోతు, ఒక సన్యాసి దొరుకుతారు అన్నా. మా ఇంట్లో ముగ్గురూ ఒకడే.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)

తమ్ముడూ, భయపడే ముందు అంకెలు చూడు. ఇర్వింగ్ గాటెస్‌మన్ అనే ఆయన యూరప్‌లో 1920 నుంచి 1987 దాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఒక పట్టిక వేశాడు. మామూలు జనాభాలో ఈ జబ్బు జీవితకాలంలో వచ్చే అవకాశం నూటికి 1. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు 13. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు 9. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి 48, వేర్వేరు అండాల కవలలకైతే 17. మేనల్లుళ్లకు 4. మీ అబ్బాయి ఈ చివరి గడిలోకి వస్తాడు.

అంటే 100లో 96 మంది మేనల్లుళ్లకు రాదు. అయినా 1 ఎక్కడ, 4 ఎక్కడ, నాలుగు రెట్లు కదా అని మీ నాన్న అనొచ్చు, అదీ నిజమే. రెండు అంకెలూ ఒకేసారి ఆయన ముందు పెట్టు. ఒకటే చూపిస్తే భయపెట్టినట్టో, మోసం చేసినట్టో ఉంటుంది.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

మాస్టారు చెప్పిన పట్టికకు రెండు మాటలు కలుపుతాను.

మొదటిది వయసు. ఈ జబ్బు మగవాళ్లలో ఎక్కువగా 20 ఏళ్ల అటూ ఇటూ బయటపడుతుంది, ఆడవాళ్లలో కొంచెం ఆలస్యంగా. 4 శాతం అన్నది పుట్టినప్పటి నుంచి జీవితాంతానికి వేసిన లెక్క. 29 ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా దాటేసిన మనిషికి మిగిలింది అందులో కొంతే. రెండోది పిల్లలు. అబ్బాయికి జబ్బు రానంతవరకు, ఆ మేనమామ వీళ్ల పిల్లలకు చాలా దూరపు చుట్టం. ఆ లెక్క ఇంచుమించు అందరికీ ఉండే 1 దగ్గరికే వచ్చేస్తుంది.

ఇక కవలల 48 గురించి. మా క్లాసులో అందరూ దీన్ని ‘చూశారా, జన్యువులే కారణం’ అని రాసుకుని వెళ్లిపోతారు. వెనక్కి తిప్పి చదవండి. ఒకే జన్యువులున్న ఇద్దరిలో ఒకరికి వచ్చాక కూడా రెండోవారికి సగం సార్లు పైనే రావట్లేదు. జన్యువులు లేకుండా 48 రాదు. జన్యువులే సర్వస్వమైతే 100 దగ్గర ఆగాలి కదా, 48 దగ్గర ఎందుకు ఆగింది? ఈ ఒక్క అంకె రెండు వాదాలకూ సాక్ష్యమే. పరీక్షలో మాత్రం సగమే అడుగుతారు.

పుత్తూరు డీఎస్సీ

అక్కా, మరి పుస్తకంలో స్కిజోఫ్రీనియా వంశపారంపర్యత 80 శాతం అని ఉందే? 48కీ 80కీ పొంతన ఎక్కడ?

ఎంఏ సైకాలజీ, తిరుపతి

ఇక్కడే సగం మంది కాలు జారేది. 80 శాతం వంశపారంపర్యత అంటే ఒక మనిషి జబ్బులో 80 వంతులు అమ్మానాన్నల నుంచి, 20 వంతులు వీధి నుంచి వచ్చాయని కాదు. పిల్లలకు 80 శాతం వస్తుందని అసలే కాదు. ఒక జనాభాలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగానికి జన్యువుల్లోని తేడాలు కారణమో చెప్పే అంకె అది. జనాభా మారితే, పరిస్థితులు మారితే అంకె కూడా మారుతుంది.

చేతికి ఐదు వేళ్లు ఉండడం పూర్తిగా జన్యువుల పనే కదా. కానీ మన ఊళ్లో ఎవరికి ఎన్ని వేళ్లున్నాయో లెక్క తీస్తే తేడాలు ఎక్కువగా చెరకు గానుగ దగ్గరో, మిల్లు దగ్గరో పోయిన వేళ్ల వల్లే వస్తాయి. అందుకని వేళ్ల సంఖ్యకు వంశపారంపర్యత దాదాపు సున్నా అని లెక్క తేలుతుంది. పూర్తిగా జన్యువులు చేసిన దానికి సున్నా! అందుకే ఆ అంకె పట్టుకుని ఒక మనిషి జాతకం చెప్పకూడదు.

అమెరికాలో టర్క్‌హైమర్ బృందం 2003లో కవలల తెలివితేటల లెక్క తీస్తే, ఉన్నవాళ్ల ఇళ్లలో వంశపారంపర్యత ఎక్కువగా, పేద ఇళ్లలో దాదాపు లేనట్టుగా వచ్చింది. తిండి, బడి అందరికీ సరిపడా ఉంటేనే జన్యువుల తేడా పైకి కనిపిస్తుంది. లేనిచోట పేదరికమే అన్ని తేడాలనూ మింగేస్తుంది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)

అమ్మా, 2003 తర్వాత వేరే దేశాల్లో చూస్తే ఆ ఫలితం అన్నిచోట్లా అలాగే రాలేదు. అది కూడా చెప్పు.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

అవును మాస్టారూ, యూరప్‌లో అంత స్పష్టంగా రాలేదు, అమెరికాలోనే ఎక్కువ. అంకె చోటును బట్టి మారుతుందన్న మాటకు అది కూడా ఉదాహరణే కదా.

పీలేరు మామిడితోట

అమ్మణ్ణీ, నువ్వు చెప్పేది నాకు తోటలో కనపడతా ఉంది గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. మా తోతాపురి అంతా అంటు మొక్కలే, ఒకే తల్లి చెట్టువి, నువ్వు చెప్పే ఒకే అండం కవలల కంటే ఎక్కువ ఒకటి. బోరు పక్కన ఉండేవి కాయలతో వంగిపోతాయి, గుట్ట వాలులోవి పిందె దశలోనే రాల్చేస్తాయి. అయినా ఎంత నీళ్లు పెట్టినా తోతాపురి చెట్టుకు బేనిషా కాయదు కదా. నేను అడిగేది అదే. నీళ్లు పెట్టేది మన చేతిలో ఉంది, రకం మన చేతిలో లేదే.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

బాబాయ్, రకం మాట ఒప్పుకుంటాను. కానీ స్కిజోఫ్రీనియా తోతాపురి లాగా ఒక రకం కాదు, ఒక జన్యువు కాదు. 2014లో ఈ జబ్బుతో ముడిపడిన 108 జన్యు స్థానాలు దొరికాయి, 2022కి అవి 287 అయ్యాయి. ఒక్కోటీ చేసేది ఇసుమంత. వాటిలో కొన్ని మీలోనూ నాలోనూ పుత్తూరు తమ్ముడి అక్కలోనూ ఉన్నాయి, అవి లేని మనిషే ఉండడు. ‘ఆ రక్తం’, ‘మన రక్తం’ అని గీత గీయడానికి చోటెక్కడుంది?

స్టాఫ్ నర్సు, చిత్తూరు

రోజూ ఈ వార్డులోనే ఉంటాను కాబట్టి ఒక మాట. వచ్చే పేషెంట్లలో ఎక్కువమందికి అమ్మానాన్నల్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. వాళ్ల ఇళ్లలో అందరూ అడిగేది ఒకటే, ‘మా వంశంలో ఎవరికీ లేదు సిస్టర్, వీడికెందుకొచ్చింది’ అని. ఇంకో సంగతి, ‘మా వంశంలో లేదు’ అనే వాళ్లందరి మాటా నిజం కాదు. ఎవరో ఒక పిన్నమ్మ బావిలో దూకి ఉంటుంది, దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఈ అబ్బాయి వాళ్లు అడగ్గానే చెప్పారు, మామను వదిలేయకుండా ఏళ్ల తరబడి చూపించుకుంటున్నారు. ఇలాంటి ఇంటిని నేనైతే వదులుకోను.

పుత్తూరు డీఎస్సీ

సరే, కల్లికాక్ సంగతేంటి? ఒకే సైనికుడికి మంచి భార్య ద్వారా పుట్టినవాళ్లు మంచివాళ్లు, సత్రంలో పనిచేసే మందబుద్ధి అమ్మాయి ద్వారా పుట్టినవాళ్లు తాగుబోతులు, నేరస్థులు అని. మా సారు అయితే దీన్ని జన్యువులకు తిరుగులేని రుజువు అన్నారు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)

నేను 30 ఏళ్ల కిందట బీఎడ్‌లో చదివిందీ అదే. ఇంకా అదే నడుస్తోందా, దేవుడా!

గొడ్డార్డ్ ఆ పుస్తకం వేసింది 1912లో. ఎప్పుడో చనిపోయిన ముత్తాతలు మందబుద్ధులో కాదో ఊళ్లో వాళ్లు చెప్పుకునే మాటల మీద, ఇంటి వాలకం మీద తేల్చేశారు. ఒక వైపు వాళ్లు చదువూ డబ్బూ ఉన్న ఇళ్లలో పెరిగారు, రెండో వైపు వాళ్లు రెండూ లేని చోట. జన్యువుల తేడా ఏది, బతుకు తేడా ఏది అని విడదీసే దారే లేదు అందులో. గొడ్డార్డ్ కూడా 1928 నాటికి తన పాత మాటలు చాలా వెనక్కి తీసుకున్నాడు. ఇక జ్యూక్ కుటుంబం మీద 1877లో రాసిన డగ్‌డేల్ అయితే పరిసరాలు బాగుచేస్తే మనుషులు బాగుపడతారనే చెప్పాడు, ఆయన్ను మన గైడులు తీసుకొచ్చి జన్యువుల పక్షాన నిలబెట్టాయి!

పరీక్షలో మాత్రం కల్లికాక్ అంటే అనువంశికత అనే టిక్కు పెట్టు నాయనా, మార్కు పోగొట్టుకోకు.

అలిపిరి మెట్లు

మాస్టారి చివరి వాక్యం గోల్డ్.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

ఆ పుస్తకం అక్కడితో ఆగలేదు. అలాంటి ఆలోచనల మీదే అమెరికాలో చాలా రాష్ట్రాలు బలవంతపు స్టెరిలైజేషన్ చట్టాలు చేశాయి. 1933లో జర్మనీలో నాజీలు చేసిన చట్టంలో స్కిజోఫ్రీనియా పేరు పెట్టి మరీ రాశారు. సుమారు 4 లక్షల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు, 1939 నుంచి రోగులను చంపడం మొదలుపెట్టారు.

మీ నాన్నగారికి చెప్పాల్సింది దీని తర్వాత జరిగింది. టోరీ, యోల్కెన్ అనే ఇద్దరు 2010లో లెక్క వేశారు. అప్పట్లో జర్మనీలో ఉన్న స్కిజోఫ్రీనియా రోగుల్లో చాలా పెద్ద భాగం, రెండు లక్షల పైచిలుకు మంది, ఆపరేషన్‌కో హత్యకో గురయ్యారు. రక్తమే కారణమైతే తర్వాతి తరంలో జబ్బు మాయమైపోవాలి. కాలేదు. యుద్ధం తర్వాత జర్మనీలో కొత్త కేసులు తగ్గకపోగా ఎక్కువగానే కనిపించాయి. ‘ఆ రక్తం వద్దు’ అన్న మాటను ఒక దేశం అంత క్రూరంగా అమలు చేసినా జబ్బు పోలేదండీ.

పీలేరు మామిడితోట

ఇది నాకు తెలీదు. భయంగా ఉంది చదవతా ఉంటే.

అయినా ఒకటి అడగతా. అంతా బయటి కారణాలేనంటే మందులెందుకు పనిచేస్తా ఉండాయి? మాత్ర వేస్తే గొంతులు వినపడడం ఆగిపోతుందంటారే, అంటే లోపల మెదడులోనే కదా ఉండేది జబ్బు.

స్టాఫ్ నర్సు, చిత్తూరు

మంచి ప్రశ్న బాబాయ్. అంతా బయటి కారణాలేనని ఇక్కడెవరూ అనలేదు. జబ్బు మెదడులో ఉంది, అందులో అనుమానం లేదు. 1952లో ఫ్రాన్స్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు ఈ రోగులకు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు ఇచ్చి చూశారు. గోడకు కట్టేసినట్టు బతుకుతున్నవాళ్లు ఇంటికి వెళ్లే దాకా వచ్చారు. అది డోపమైన్ (మెదడు కణాల మధ్య సందేశాలు మోసే ఒక రసాయనం) పనిని అడ్డుకుంటుందని తర్వాత తెలిసింది. పార్కిన్సన్ అనే వణుకు జబ్బుకు డోపమైన్ పెంచే ఎల్-డోపా ఇస్తే కొందరికి లేనివి కనబడతాయి, యాంఫెటమిన్ అనే ఉత్తేజ మందు ఎక్కువ వాడితే అచ్చం స్కిజోఫ్రీనియా లాంటి స్థితి వస్తుంది. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తాయి. మన దేశం వంతు కూడా ఉంది. సర్పగంధ వేరు పిచ్చికీ బీపీకీ పనిచేస్తుందని సేన్, బోస్ 1931లోనే రాశారు, దాన్నుంచే రిసర్పిన్ అనే మందు వచ్చింది.

కానీ జ్వరానికి పారాసిటమాల్ పనిచేస్తే, ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని అర్థమా? మందు ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే జబ్బు ఎక్కడ మొదలైందో తెలిసినట్టు కాదు. డిప్రెషన్ అంటే సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనం తక్కువ కావడమే అని ఎన్ని చోట్ల చెప్పేవాళ్లో. 2022లో మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ తిరగేసి, ఆ మాటకు గట్టి ఆధారం లేదంది. దాని మీద పెద్ద గొడవే జరిగింది. అది చదివి మందులు ఆపేసినవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి అలా చేయకండి. కారణం గురించి వాదన వేరు, మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరు.

వేలూరు బస్సు

ఎప్పుడూ చదవడమే తప్ప ఇక్కడ రాయను. ఈరోజు రాయాలనిపించింది. మా తమ్ముడికి ఈ జబ్బు ఉంది, చిత్తూరు నుంచి వేలూరు బస్సు మాకు అలవాటే. మా అమ్మను అందరూ అనేవాళ్లు, నీ పెంపకం వల్లే అని, గారాబం చేశావని కొందరు, కొట్టావని కొందరు. ఒక పెద్ద చదువులాయన అయితే, తల్లి ప్రేమ సరిగా లేకపోతే వస్తుందట అన్నాడు మా అమ్మ ముందే. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. తర్వాత డాక్టరు గారు బొమ్మ గీసి, ఇది మెదడు జబ్బమ్మా, నీ తప్పు కాదు అని చెప్పాక మా అమ్మ ఏడ్చింది, అది వేరే ఏడుపు. కాబట్టి జీవశాస్త్రాన్ని మరీ తిట్టకండి. మా ఇంటికి అది మేలే చేసింది.

కానీ అదే మాట మా చెల్లెలి పెళ్లి దగ్గర తిరగబడింది. మెదడు జబ్బు, వంశంలో ఉంది అని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఒకే మాట, ఒకసారి మందు, ఇంకోసారి విషం.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

అన్నా, ఇది మాకు పాఠంలోనూ ఉంది, కానీ మీరు చెప్పినట్టు ఎవరూ చెప్పలేదు. తల్లే కారణం అన్న సిద్ధాంతం 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ రాసిన మాటతో ఊపందుకుంది, చాలా ఏళ్లు అమ్మలను తినేసింది. దాన్ని గట్టిగా దెబ్బ కొట్టింది దత్తత పిల్లల అధ్యయనాలు. హెస్టన్ 1966లో, జబ్బు ఉన్న తల్లులకు పుట్టి వెంటనే దూరంగా పెరిగిన 47 మందిని చూస్తే 5 మందికి వచ్చింది. జబ్బు లేని తల్లులకు పుట్టి అలాగే దూరంగా పెరిగిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు. ఆ తల్లి పెంచనే లేదు కదా, పెంపకం వల్ల ఎలా అవుతుంది?

తర్వాత ఫిన్లాండ్‌లో టియనారి ఇంకాస్త లోతుకు వెళ్లాడు. జబ్బున్న తల్లుల పిల్లలను దత్తత తీసుకున్న ఇళ్లు ఎలా ఉన్నాయో కూడా చూశాడు. ఎప్పుడూ గొడవలు, విమర్శలు ఉండే ఇళ్లలో పెరిగిన పిల్లల్లో ముప్పు బాగా పైకి వచ్చింది. ప్రశాంతంగా ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లలో ఆ తేడా పెద్దగా కనబడలేదు. ముప్పు లేని పిల్లలను మాత్రం ఇంటి గొడవ అంతగా తాకలేదు. జన్యువులు ఇంటిని బట్టి పలుకుతున్నాయి, ఇల్లు జన్యువులను బట్టి తగులుతోంది. ఈ రెండింటినీ తూకం వేసి ఎవరిది ఎన్ని గ్రాములో చెప్పమంటే చెప్పలేం.

అలిపిరి మెట్లు

జీవశాస్త్ర దృక్పథం పేరుతో మన ఊళ్లో జరిగే వ్యాపారం గురించి కూడా మాట్లాడండి. పిల్లల వేలిముద్రలు తీసుకుని, మీ వాడి మెదడులో ఎడమ భాగం ఇంత, కుడి భాగం ఇంత, కాబట్టి ఎంపీసీలో వేయకండి అని రంగుల రిపోర్టు ఇస్తారు. ఇంకొకరు మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అంటారు, పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని చదివేస్తారట. మా అక్క కొడుకు చదివాడు. ముక్కు పక్కన సందులోంచి చూస్తున్నాడని నేను అరచెయ్యి అడ్డం పెట్టా, అంతే, యాక్టివేషన్ పోయింది. ఫీజు మాత్రం వెనక్కి రాలేదు.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

😄 వేలిముద్రలకూ తెలివికీ సంబంధం ఉందని చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అనేది కూడా అంతే. రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది రెండు అర్ధగోళాల మధ్య తీగల కట్టను కోసేసిన రోగుల మీద చేసిన పనికి. మీ మెదడులో నా మెదడులో ఆ కట్ట చక్కగానే ఉంది, రెండు భాగాలూ క్షణక్షణం మాట్లాడుకుంటూనే ఉంటాయి.

అనుభవంతో మెదడు మారడం మాత్రం నిజం. లండన్ టాక్సీ డ్రైవర్లు వేల వీధులు బట్టీపట్టి పరీక్ష రాయాలి. మాగ్వైర్ 2000లో చూస్తే వాళ్ల హిప్పోక్యాంపస్ (మెదడులో దారులు గుర్తుపెట్టుకునే చోటు) వెనక భాగం మామూలు వాళ్లకంటే పెద్దదిగా ఉంది. పుట్టుకతోనే అలా ఉన్నవాళ్లు డ్రైవర్లయ్యారేమో అని అడగొచ్చు. అందుకే 2011లో నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను ముందూ తర్వాతా కొలిచారు. పాసైన వాళ్లలో పెరిగింది, ఫెయిలైన వాళ్లలో పెరగలేదు.

అలిపిరి మెట్లు

మన ఘాట్ రోడ్డు జీపు డ్రైవర్లను కొలవమనండి. హిప్పోక్యాంపస్ సంగతేమో గానీ హారన్ కొట్టే భాగం మాత్రం కచ్చితంగా పెద్దది.

పీలేరు మామిడితోట

నవ్వులాట సరే గానీ, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పూనకం వచ్చేదానికి కూడా డోపమైనేనంటారా? మా చిన్నాయనకు వస్తుంది. ఏడాదంతా మామూలు మనిషి.

స్టాఫ్ నర్సు, చిత్తూరు

మీ చిన్నాయనది జబ్బు కాదు బాబాయ్. ఆ సమయంలో మెదడులో ఏదో మారుతుంది, మారకుండా ఏదీ జరగదు. డప్పు, ఉపవాసం, జనం, నిద్ర లేకపోవడం అన్నీ ఒంటి మీద పనిచేస్తాయి. కానీ ఆయనకు పెళ్లిలో డప్పు వినగానే ఎందుకు రాదు, జాతరలోనే ఎందుకు వస్తుంది, వచ్చాక ఏం మాట్లాడాలో ఎలా తెలుసు, ఇవి మెదడు స్కాన్‌లో దొరకవు. మేం చూసేది ఒకటే: జాతర అయ్యాక తోటకు వెళ్లి పని చేసుకుంటున్నాడా, మనిషికి బాధ ఉందా, ఇంట్లో వాళ్లకు ఇబ్బంది ఉందా. లేదంటే అది మా వార్డుకు సంబంధించిన విషయం కాదు.

మోడరేటర్

పూనకం మీద వేరే చర్చ తెరవండి. ఇప్పటికే దాని మీద తొలగించాల్సినవి రెండు వచ్చాయి. ఇక్కడ సంబంధం సంగతి నడవనివ్వండి.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)

పుత్తూరు తమ్ముడూ, మీ నాన్నగారిని ఒకటి అడుగు, కోప్పడకపోతేనే. మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయా?

పుత్తూరు డీఎస్సీ

మా అమ్మ నాన్నకు సొంత అక్క కూతురే మాస్టారూ.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)

అదీ సంగతి. మేనమామ, మేనకోడలు పెళ్లాడితే పుట్టే పిల్లల్లో సగటున ఎనిమిదో వంతు జన్యు స్థానాల్లో రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిళ్లలో అది పదహారో వంతు. దాగి ఉన్న లోపాలు బయటపడే దారి అది. మన జిల్లాలో అలాంటి పెళ్లిళ్లకు ఎవరూ రక్తం గురించి అడగరు, ఆస్తి ఇంట్లోనే ఉంటుందని సంతోషిస్తారు. అవన్నీ చెడిపోతాయని నేననడం లేదు, ఎక్కువ భాగం బాగానే ఉంటాయి, నువ్వు డీఎస్సీ రాస్తున్నావు కదా. సొంత ఇంట్లో పట్టించుకోని జన్యుశాస్త్రం ఎదుటివాళ్ల మామ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గుర్తొచ్చిందని మాత్రమే నా ప్రశ్న.

పీలేరు మామిడితోట

మాస్టారూ, ఇది మా ఇంటికీ తగిలింది.

వేలూరు బస్సు

తమ్ముడూ, ఒక మాట. పట్టికలు నాన్నకు చూపించకు, పెద్దవాళ్లు అంకెలకు లొంగరు. ఆ మామను ఒకసారి చూడమను. మా తమ్ముడు ఉదయం మాత్ర వేసుకుని పాలకేంద్రం దగ్గర లెక్కలు రాస్తాడు. పిచ్చోడంటే గొలుసులతో కట్టేసిన మనిషి అని ఊహించుకుని వచ్చినవాళ్లు, వీడు టీ తెచ్చి ఇస్తే ఏం మాట్లాడాలో తెలీక కూర్చుంటారు. అందరికీ ఇలా నయమవుతుందని చెప్పను, కొందరికి చాలా కష్టంగానే ఉంటుంది.

ఎంఏ సైకాలజీ, తిరుపతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది చోట్ల స్కిజోఫ్రీనియా రోగులను వెంబడించి చూసింది, మన దేశం నుంచి ఆగ్రా ఉంది. ధనిక దేశాల కంటే ఆగ్రా, నైజీరియాలోని ఇబాడాన్ లాంటి చోట్ల ఎక్కువమంది మెరుగుపడ్డారు. ఎందుకన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి, లెక్కలో లోపాలున్నాయని కూడా కొందరన్నారు. ఇంట్లో ఉండడం, చేతనైన పని దొరకడం, వదిలేయకపోవడం కారణమని చాలామంది అభిప్రాయం. వేలూరు బస్సు అన్న చెప్పిన పాలకేంద్రం అలాంటిదే.

స్టాఫ్ నర్సు, చిత్తూరు

అక్కకు నా సలహా. అబ్బాయిని నేరుగా అడగమను: నిద్ర ఎలా ఉంటుంది, ఎప్పుడైనా డాక్టర్ దగ్గరికి వెళ్లావా, గంజాయి లాంటివి ఏమైనా అలవాటున్నాయా. వంశంలో ఉన్నవాళ్లు గంజాయి జోలికి అసలు పోకూడదు, ఇది నిజంగా పనికొచ్చే జాగ్రత్త. అబ్బాయికి స్కాన్ తీయించండి, రక్త పరీక్ష చేయించండి అని ఎవరైనా అంటే వినకండి. ఈ జబ్బు రేపు వస్తుందో రాదో చెప్పే స్కాను గానీ జన్యు పరీక్ష గానీ లేదు. నాన్నకు ఇంకా అనుమానం ఉంటే జన్యు సలహా ఇచ్చే డాక్టరు దగ్గరికి ఇద్దరినీ పంపండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

పుత్తూరు డీఎస్సీ

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఇంటికి వెళ్లా. పట్టిక చూపించలేదు, మేనరికం మాట మాత్రం మెల్లగా ఎత్తాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు, మా అమ్మ వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. అక్క అబ్బాయితో మాట్లాడింది, సిస్టర్ చెప్పినవన్నీ అడిగిందట. అతను కోప్పడలేదు, మామ మాత్రల పేర్లు కూడా చెప్పాడట, చిన్నప్పుడు తనను బడికి సైకిల్ మీద దింపింది ఆయనేనట.

ఇప్పుడు నాన్న కొత్త మాట అంటున్నాడు. రక్తం సంగతి పక్కన పెడతాడట, కానీ అబ్బాయిది కాంట్రాక్టు ఉద్యోగం, పర్మనెంట్ కాదు కదా అంటున్నాడు. ఇది మొదటి రోజు నుంచీ తెలిసిన విషయమే, అప్పుడు ఎత్తలేదు.

అలిపిరి మెట్లు

అసలు జబ్బు ఇప్పుడు బయటపడింది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)

దానికి నా దగ్గర పట్టిక లేదు నాయనా. ముందు నువ్వు డీఎస్సీ కొట్టు, ఇంట్లో నీ మాటకు విలువ పెరుగుతుంది.